బావ ఎడమ కాలు

మా బావ పోయాడు. మహబూబ్‌నగర్ దవాఖానలో పదకొండు రోజులుండి, మొన్న గురువారం పొద్దున చాయ్ వేళకు పోయాడు. అక్క ఫోన్ చేసి ఏడవలేదు. "తమ్మీ, మీ బావ బండి ఆపిండు" అంది. నలభై ఏండ్లు డ్రైవరుతో కాపురం చేసిన మనిషికి ఆ వేళ ఇంకో మాట దొరకలేదు.

మీలో ఎవరికీ ఆయన తెలిసే అవకాశం లేదు. దేవరకొండ పక్క ఊరివాడు. లారీ డ్రైవరు, కొన్నాళ్లు టెస్టు డ్రైవరు, ఆ తర్వాత ఏమీ కాదు. ఆ 'ఏమీ కాదు'లో నా చెయ్యి ఉంది. ఆయన మంచితనం చెప్పడం ఒక్కటే పనైతే దినాల నాడు విస్తరి ముందు కూర్చుని చెప్పేవాణ్ణి, ఇట్లా కాగితం ఖరాబు చేసేవాణ్ణి కాదు.

టెస్టు డ్రైవరంటే ఏమిటో ముందు చెప్పాలి. తెలంగాణ వచ్చిన కొత్తల్లో ఒక కంపెనీవాళ్లు దేవరకొండ బయట షెడ్డు కిరాయికి తీసుకుని దిగారు. వాళ్లతో ఒక పికప్ బండి వచ్చింది. మనం టమాటాలు వేసుకుపోయే బుల్లి పికప్ కాదు. లారీకి తమ్ముడిలా ఉంటుంది. వెనక రాళ్లు మోస్తుంది, ఆ వెనక ఇంకో ట్రాలీని గుంజుతుంది. ఇక్కడ అమ్మడానికి కాదు, బయటి దేశాలకు పంపడానికి. దానికి క్లచ్చు లేదు, గేర్లు అవే పడతాయి. ఆ గేరుబాక్సు ఎన్నాళ్లు బతుకుతుందో చూడాలి. చూడడమంటే ఇసుక సంచులు నింపి, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గుట్టలెక్కించి దించడం, మళ్లీ ఎక్కించి మళ్లీ దించడం. బండి ఖరాబు చేస్తే ఏ ఓనరైనా తిడతాడు. వీళ్లు ఖరాబయ్యేదాకా నడపమని జీతమిచ్చారు. ఇట్లాంటి కొలువొకటి ఉందని మా కేతేపల్లి చాయ్ హోటల్లో చెబితే ఒక పెద్దమనిషి, "గట్లైతే మా అల్లున్ని పెట్టుకోమను. ఆనికి జీతం గూడ వద్దు" అన్నాడు.

కొలువు బావకు వచ్చింది. నన్ను ఆయనే తోడు తీసుకున్నాడు. ఇద్దరం మారి మారి నడపాలి. బండిలో ఏ తేడా కనిపించినా నోటుబుక్కులో రాయాలి. రాసినదాని కింద రెండు గడులుండేవి, ఒకటి నడిపినవాడి సంతకానికి, రెండోది పక్కన కూర్చున్నవాడి సంతకానికి.

మొదటి రోజే బావ ఎడమ చెప్పు విడిచి సీటు కింద పెట్టాడు.

"ఏంది బావా, గుడికొచ్చినవా?" అన్నాను.

"క్లచ్చు లేకపాయె. ముప్పై ఏండ్లు తొక్కిన కాలు, ఖాళీగుంటే నిద్రపోతది. గందుకే దీనికి ఇనే పని పెట్టిన."

"కాలుతోని ఇంటవా?"

"నీకు రెండు చెవులుండి ఏం ఇన్నవ్ రా బామ్మర్దీ? మీ అక్క చెప్పిన మాట ఒక్కటన్న ఇన్నవా?"

ఆ వట్టి కాలు కింద రేకుకు ఆనించి కూర్చునేవాడు. గేరు మారినప్పుడల్లా కాలివేళ్లు కొద్దిగా కదిలేవి. "గేరు పడ్డట్టు నీకు తెల్సిందంటే, అది సక్కగ పడలేదన్నట్టే" అనేవాడు. ఇంకో మాట కూడా ఉండేది. పొద్దున బయల్దేరగానే నేను బండి బాగుందంటే, "జర కాగనియ్యి. సల్లగున్నప్పుడు అన్ని బండ్లు మంచియే" అనేవాడు. మా మేనకోడలికి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు ఎంత మర్యాదస్తులో అని అందరూ మురుస్తుంటే అక్కడా ఇదే మాటన్నాడు. అక్క వంటింట్లోంచి గరిటె విసిరింది. సంబంధం కుదిరింది, గరిటె సొట్టపడింది.

ఇంకొక్క మాట చెప్పి అసలు సంగతికొస్తాను. దిగుడు రాగానే న్యూట్రల్ చేసి బండిని వదిలేయడం మా తరం లారీ డ్రైవర్ల జబ్బు. డీజిలు మిగులుతుందని నేర్చాం, అది చేతికి అంటుకుపోయింది. బావ మొదటి రోజే హెచ్చరించాడు. "దీన్ని గట్ల చెయ్యకు. మళ్ల గేరుల ఏసేటప్పుడు లోపల ప్లేట్లు దెబ్బతింటయి. పైకి కనవడదు."

ఒక రోజు మధ్యాహ్నం బావ నడుపుతున్నాడు. గుట్ట ఎక్కుతున్నాం. మూడో మలుపులో ఇంజను ఒక్కసారి గుయ్యిమంది, బండి మాత్రం ఊపిరి బిగబట్టినట్టు ఆగి మళ్లీ అందుకుంది. అర సెకను. కింద పీట గుంజి మళ్లీ పెట్టినట్టు నా నడుముకు స్పష్టంగా తెలిసింది.

"జారింది. తెల్సిందా?" అన్నాడు.

తెలిసిందని నేనూ సంతకం పెడితే బండి ఆపి, చల్లార్చి, అదే గుట్ట మూడుసార్లు ఎక్కాలి. అది వాళ్ల పద్ధతి. షెడ్డులో అక్క పంపిన జొన్నరొట్టెలున్నాయి. "నాకేం తెల్వలే బావా" అన్నాను.

ఆయన నన్నొకసారి చూసి, తనే రాసి, తన గడిలో సంతకం పెట్టాడు. రెండో గడి ఖాళీగా ఉండిపోయింది.

దిగేటప్పుడు నడిపే వంతు నాది. ఆకలి, ఉక్కపోత. చెయ్యి దానంతటదే న్యూట్రల్ కొట్టింది. కింద మళ్లీ గేరులో వేస్తే 'ధన్'మంది. బావ వట్టి కాలు రేకు మీంచి లేచిపోయింది. "ఇంగెన్నడు చెయ్యకు" అన్నాడు, అంతే.

నాలుగు రోజులకు గేరుబాక్సు పోయింది. హైదరాబాదు నుంచి ఇంజనీరు సారు వచ్చాడు. బండిలో ఒక డబ్బా ఉంటుంది, అన్నీ రాసుకుంటుంది. దాన్ని కంప్యూటరుకు పెట్టి చూసి, "దిగుడులో న్యూట్రల్ ఎవరు చేశారు?" అని అడిగాడు. నేను నేలచూపులు చూశాను.

"నేనే సారూ. పాత అలవాటు" అన్నాడు బావ.

"అయితే ఇది డ్రైవరు తప్పు. గేరుబాక్సులో లోపం లేదు."

"న్యూట్రల్ నాదే సారూ. గని అది జారింది అంతకు ముందు, ఎక్కేటప్పుడు. రాసిన, సూడుండ్రి."

"అంత చిన్నది డబ్బాలో పడదు. పక్కనున్నాయన సంతకం కూడా లేదు కదా?" అని సారు నావైపు తిరిగాడు. "మీకేమైనా తెలిసిందా?"

అప్పుడైనా చెప్పవలసింది. తల అడ్డంగా ఊపాను.

ఆ పేజీ కొట్టేశారు. బావను పొమ్మన్నారు. కొత్త గేరుబాక్సు వేసి, వేరే డ్రైవరును పెట్టి టెస్టు ముగించారు. నేను ఆఖరిదాకా ఉన్నాను. కంపెనీ బండి చంపినోడని పేరుపడ్డాక బావను ఏ లారీ ఓనరూ పిలవలేదు. అసలు సంగతి ఆయన అక్కకు కూడా చెప్పలేదు. ఎప్పుడు కలిసినా వేళాకోళమే. ఒక్కసారి మాత్రం అడిగాడు.

"గా బండ్లు పోయినయా రా?"

"పోయినయి బావా."

"ఏ దేశం?"

"తెల్వది."

"గుట్టలు లేని దేశమైతే బాగుండు. ఎవడో పిల్లజెల్లతోని ఎక్కుతడు" అన్నాడు.

తర్వాత షుగరు వచ్చింది. ఎడమ పాదానికి స్పర్శ పోయింది. దవాఖానలో నర్సు సూదితో గుచ్చినా ఆయనకు తెలియలేదు. ఆమె వెళ్లాక కాలు వంక చూస్తూ అన్నాడు. "ఇది గప్పటికే సచ్చిందేమో రా. జారనే లేదేమో. నాకే ఊకె అనిపిచ్చిందేమో."

ఇన్నేండ్లు కొలువు పోయినందుకు కుములుతున్నాడనుకున్నాను. ఆయనను తింటున్నది ఈ అనుమానమన్నమాట.

"జారింది బావా" అన్నాను. "నాకు గూడ తెల్సింది."

తల తిప్పాడు. "ఏ మలుపు?"

"మూడోది."

"ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?"

"ఎక్కేటప్పుడు."

పెద్ద ఊపిరి వదిలాడు. తిడతాడని కూర్చున్నాను. తిడితే బాగుండేది. కళ్లు మూసుకుని, "రొట్టెలు సల్లారుతయనే గదా?" అన్నాడు.

ఆయనకు అంతా తెలుసు. తెలిసే అన్నేండ్లు నాతో నవ్వాడు. రెండు రోజులకు పోయాడు. నన్ను క్షమించాడో లేదో అడిగే ధైర్యం నాకు రాలేదు, చెప్పే పని ఆయన పెట్టుకోలేదు.

ఆ నోటుబుక్కు ఇప్పుడెక్కడుందో, ఉందో లేదో. ఖాళీ గడిని ఇక్కడ నింపుతున్నాను. మూడో మలుపు, ఎక్కేటప్పుడు గేరు జారింది. పక్కన కూర్చున్నవాడికి కూడా తెలిసింది. ఆ బండి ఏ దేశంలో ఏ గుట్ట ఎక్కుతున్నదో, ఈ మాట అక్కడికి చేరదు. అది నాకూ తెలుసు.

గురువారం అంబులెన్సులో ఆయన్ను ఇంటికి తెచ్చాం. అక్క ముందు కూర్చుంది, నేను వెనక ఆయన దగ్గర. కల్వకుర్తి దాటాక దారి ఎత్తుకెక్కడం మొదలైంది. కుదుపులకు గుడ్డ తొలగి ఎడమ పాదం బయటికొచ్చింది. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా అది కొద్దిగా కదులుతున్నది. కప్పుదామని చెయ్యి చాచాను. మళ్లీ గేరు పడింది, కాలివేళ్లు కదిలాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. దేవరకొండ వచ్చేదాకా దాన్నట్లాగే ఉండనిచ్చాను.