వచ్చే ఏడాది హైదరాబాద్‌లో

ఉద్యమం రోజులు. బందుల మధ్య ఎల్లారెడ్డి బస్సు రేపు నడుస్తుందో లేదో డిపోవాళ్లకే తెలిసేది కాదు. ఆ రోజుల్లో కామారెడ్డి సిరిసిల్ల రోడ్డులో, ఎరువుల దుకాణం పైన, ఒకాయన వచ్చే ఏడాది గురించి ఇంగ్లీషులో ఎలా మాట్లాడాలో నేర్పేవాడు. రోళ్లు పగిలే ఎండల్లోనూ టై విప్పేవాడు కాదు. ఆయనకు తెలిసిన సూత్రం ఒక్కటే: ముందే అనుకున్న పనికి ‘గోయింగ్ టు’, అప్పటికప్పుడు అనుకున్నదానికి ‘విల్’. ఉదాహరణ కూడా ఒక్కటే: వచ్చే ఏడాది నేను హైదరాబాద్‌లో స్థిరపడబోతున్నాను. దాన్ని ఇంగ్లీషులో గది మొత్తం చేత ఎక్కంలా అరిపించేవాడు.

మా వదిన కూడా అరిచింది. పెళ్లయ్యాక డిగ్రీ పూర్తి చేసిన మనిషి. ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో టీచరు పని ఖాళీ ఉంది. అది దొరికితే సరి, లేకుంటే ఈ వానాకాలం నాట్లకు పోవాల్సిందేనని ఇంట్లో తేల్చి చెప్పారు.

ఇంటర్వ్యూకు తోడుగా నేను వెళ్లాను. కరస్పాండెంటు గది తలుపు తీసే ఉంది. బయట బెంచీ మీదికి అన్నీ వినిపిస్తున్నాయి. విత్తనాల వ్యాపారంలో సంపాదించి బడి పెట్టిన పెద్దమనిషి. ఇంగ్లీషులో ఆయనకు వచ్చిన ప్రశ్న ఇదే కాబోలు, వచ్చినవాళ్లందరినీ అదే అడుగుతున్నాడు.

“వాట్ ఈజ్ యువర్ ఫ్యూచర్ ప్లాన్?”

వదిన తడుముకోలేదు. “నెక్స్ట్ ఇయర్ ఐ యామ్ గోయింగ్ టు సెటిల్ ఇన్ హైదరాబాద్.”

“ఏందమ్మా, వచ్చే యేడు హైదరాబాద్ పోతవా? మరి ఈడ పిల్లలకు ఎవరు చెప్పాలె?”

“అయ్యో, గది క్లాసుల నేర్పిన మాట సార్. నేనేడికి పోత? ఈడ్నే ఉంట.”

“గదే ఇంగ్లీషుల చెప్పు.”

ఇక్కడే ఉంటానని ఆ క్లాసులో ఎవరి చేతా అనిపించలేదు. ముందే అనుకున్నదా, ఇప్పుడు అనుకున్నదా? కాపురానికొచ్చిన ఊళ్లో ఉండటాన్ని ఎవరైనా ఎప్పుడు అనుకుంటారు? వదిన తేల్చుకునేలోపు ఆయన తర్వాతివాళ్లను పిలవమని బల్ల మీది గంట కొట్టాడు. ఏది చెప్పినా తప్పొప్పులు పట్టగలిగే మనిషేమీ కాదు.

మర్నాడు కామారెడ్డి వెళ్లి సంగతంతా చెబితే, టై ఆయన నొచ్చుకున్నాడు. “వర్బ్ కరెక్టే చెప్పిండ్రు కదా మేడమ్? నౌకరి ఎందుకియ్యలే?”

“సార్, సోమారం నుంచి నాట్లకు పోత. దీనికేం పెట్టాలె? గదన్న చెప్పుండ్రి” అంది వదిన.

నేను ఆమె మొహం చూశాను. ఆయన చూడలేదు.

“ముందే అనుకున్నరు కదా! గోయింగ్ టు!” అంటూ సంబరంగా బోర్డు వైపు తిరిగాడు. నాట్లకు ఇంగ్లీషు మాట తట్టక ‘వర్క్’ అని సరిపెట్టాడు. క్లాసంతా దాన్ని అందుకుంది. వదిన అప్పటికే మెట్లు దిగుతోంది.