వూఫర్ మోగిన మధ్యాహ్నం

మొన్న మా అబ్బాయి ఉత్తరాదిన జనక్‌పురిలోని మా ఇంట్లో టీవీ కింద మూరెడు పొడవున్న కొత్త స్పీకరు ఒకటి పెట్టి, తీగ అన్నదే కనబడకుండా దాన్ని మోగించి, "కైసా హై, అమ్మా?" అని, ఎలా ఉందో చెప్పమంటూ మురిపెంగా అడిగాడు గానీ, నేను ఆ అదురుకి సోఫా చెయ్యి గట్టిగా పట్టుకుని ఫ్యాను వైపే చూశాను. వాడు నవ్వాడు. అప్పటికి వాడింకా పుట్టలేదు, వాడికేం తెలుసు?

అప్పట్లో మేము ఊరి అవతలి కొసన వైశాలిలో నాలుగో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. మావారిది చిన్న ప్రైవేటు ఉద్యోగం, అత్తగారు మాతోనే ఉండేవారు. ఇంట్లో కూర్చుంటే సినిమాహాల్లో కూర్చున్నట్టుండాలని మావారి కోరిక. కొత్త హోమ్ థియేటర్ కొనే తాహతు లేదు కనక, పాత సామాన్ల బజారులో ఎవరో వదిలించుకున్న ఆంప్లిఫయరూ, ఒకదానితో ఒకటి పోలిక లేని స్పీకర్లూ, వడ్రంగి చేత ప్లైవుడ్ పెట్టె కట్టించిన, నేల అదిరేలా మోగే వూఫరూ, ఇలా ఒక్కో ముక్కే ఇంటికి చేర్చారు.

నాకు మొదటినుంచీ వాటంటే భయమే. ఆంప్లిఫయరు ముట్టుకుంటే చేతికి సన్నగా జివ్వుమనేది, వేడెక్కితే కాలిన రబ్బరు వాసన వేసేది; గడపల మీదుగా పాకిన తీగలను, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, పాముల్ని దాటినట్టు దాటేదాన్ని. చెక్కపీట మీద నిలబడితే తప్ప స్విచ్ వేసేదాన్ని కాదు. మావారు మాత్రం ఏం కాదులే అని కొట్టిపారేసేవారు.

అన్నీ కలిపి మోగించిన ఆదివారం మధ్యాహ్నం, ఆ గోల భరించలేని అత్తగారు చెవుల్లో దూది పెట్టుకుని, గది లోపల గడియ వేసుకుని పడుకున్నారు. వూఫరు మోగింది. నేల అదిరింది, వంటింట్లో స్టీలు గ్లాసులు గలగలలాడాయి, మావారి మొహం వెలిగిపోయింది. ఆ గొప్ప నాకు చెప్పడానికని ఆయన సౌండు పూర్తిగా తగ్గించారు. గ్లాసులు ఆగలేదు. తలెత్తి చూస్తే, చలికాలం కనక ఆపి ఉంచిన ఫ్యాను అటూ ఇటూ ఊగుతోంది.

అంతలోనే మెట్ల మీద పరుగులు, భూకంపం, కిందికి దిగండంటూ ఎదురింటి ఆంటీ కేక.

"భూకంప్! నీచే చలో, జల్దీ!"

అత్తగారి తలుపు మీద ఇద్దరం పిడికిళ్లతో బాదాం. ఆవిడకి వినబడితేనా! కాళ్ల కింద నేల పడవలా కదులుతోంది, గోడమీది సున్నం రాలి నా జుట్టులో పడుతోంది, పైకప్పు ఆవిడ మంచం మీద కూలినట్టే నా కళ్లకి కడుతోంది. మావారు భుజంతో తోశారు; తలుపు కదల్లేదు. హఠాత్తుగా ఆయన వెనక్కి పరిగెత్తి, ఆంప్లిఫయరు మరను చివరిదాకా తిప్పేశారు. ఆ మోతలో ఏది వూఫరు అదురో, ఏది భూమి అదురో తెలియక, ఇక అయిపోయామనే అనుకుని కళ్లు మూసుకున్నాను.

గడియ తీసిన చప్పుడైంది. అత్తగారు దూది చేత పట్టుకుని, మండిపడుతూ గుమ్మంలో నిలబడ్డారు.

"ఒరేయ్, కొంప కూల్చేస్తావుట్రా!"

చెరో రెక్కా పట్టుకుని మెట్లన్నీ దింపేశాం. భవనం ముందున్న పార్కుకి చేరేసరికి అంతా సద్దుమణిగింది, భవనం నిలబడే ఉంది. మళ్లీ వస్తుందేమోనన్న భయంతో సాయంత్రందాకా ఎవరూ పైకి వెళ్లలేదు. అంతవరకూ పేర్లయినా తెలియని ఇరుగుపొరుగువాళ్లు ఒకరి పిల్లల్ని ఒకరు ఎత్తుకుని కూర్చున్నారు. నాతో ఏనాడూ మెత్తగా మాట్లాడని మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని, ఇంటికి వెళ్లేదాకా వదల్లేదు. ఆ తర్వాత కూడా మావారు వూఫరు మోగిస్తూనే ఉండేవారు, నేను ఫ్యాను వైపు చూస్తూనే ఉండేదాన్ని. అత్తగారు మాత్రం మళ్లీ ఎన్నడూ గడియ వేసుకోలేదు.

ఇప్పుడు అత్తగారూ లేరు, మావారూ లేరు. ఈమధ్య ఓ పొద్దున భూమి కంపిస్తే, చెప్పులైనా వేసుకోకుండా కిందికి పరిగెత్తాను. ఇక్కడి పార్కులో ఎవరూ లేరు. కొందరు బాల్కనీల్లో ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు, కాసేపటికి వాళ్లూ లోపలికి వెళ్లిపోయారు. అప్పట్లో మేము అంతగా భయపడేవాళ్లం కనకనే కిందికి దిగేవాళ్లం, దిగాం కనకనే ఒకరికొకరం తెలిశాం. ఇప్పటివాళ్లకి ధైర్యమెక్కువ, మంచిదే. అయినా బెంచీ మీద కూర్చుని, ఒక్కరైనా దిగివస్తారేమోనని, చాలాసేపు మెట్ల వైపే చూశాను.