కోడలు వేసిన కబుర్ల దారి

మా కోడలు చనిపోయిన కబురు కాపర్లందరికీ అందాక, ఆఖరున నాకు అందింది. అప్పుడు నేను అమ్రాబాద్ అడవి అంచున, ఎండిన వాగులో చెలమ తోడుతున్నాను. నా బామ్మర్ది తన మందను ఎవరికో అప్పగించి గుట్ట దిగి వచ్చాడు.

"ఇంక ఈడనే ఉన్నవేంది బావా?" అన్నాడు.

"మరేడికి పోవాలె? గొర్లు నీళ్లు తాగొద్దా?"

వాడు నా మొహం చూశాడు. కర్ర కింద పెట్టి కూర్చున్నాడు.

"నీకు తెల్వదా బావా. కోడలు పోయింది. నిన్న పొద్దుగాలనే."

చేతిలో చెంబు కింద పెట్టానో, పడేశానో గుర్తు లేదు. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ చెలమలోకి దిగాయి. వాటిని ఎవరూ ఆపలేదు.

నాకు రాత అంతగా రాదు. రెండో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆమె గురించి ఆమె కాలేజీవాళ్లు రాస్తే ఇంకా బాగుంటుంది. కానీ వాళ్లకు ఆమె చదువు తెలుసు, మనిషి నాకు తెలుసు. అందుకే నేనే రాస్తున్నాను.

ఆమెది నారాయణపేట. మగ్గం నేసే ఇంటి పిల్ల. మావాడు చదువుకునే చోట చూసి ఇష్టపడ్డాడు. నేను అడ్డం చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు వాడు. నల్లగొండలో ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. సెలవు దొరికితే కట్టంగూరు దగ్గర మా ఊరికి వచ్చేది. వచ్చీరాగానే దొడ్డిలోకే. కాలేజీ చీరకు పెంట అంటుతుందన్న ఫికర్ ఉండేది కాదు. మాట్లాడినంతసేపూ పక్కనున్న గొర్రెపిల్ల చెవిని మడుస్తూ, విప్పుతూ ఉండేది. ఆ పిల్ల కూడా కదలకుండా నిలబడేది, తనకే పాఠం చెబుతున్నట్టు.

ఆమె చదువు ఏమిటో నాకు అర్థమైనంత చెబుతాను. ఒక్కొక్కరికి ఒక్కో రకం కబురు కావాలి. ఎవరికి ఏది కావాలో అదే చేరాలి, మిగతాది చేరకూడదు. అదీ తక్కువ ఖర్చులో చేరాలి. ఉన్న ఫోన్ల దారి మీదే ఇంకో దారి పరిచి, ఆ పని ఎట్లా చెయ్యాలన్నదే ఆమె లెక్క. ఏళ్ల తరబడి ఆ లెక్క కాగితాల మీదే చేసింది. మమ్మల్ని చూశాక నేల మీదికి దించింది.

ఎండాకాలం నల్లగొండ మందలు, పాలమూరు మందలు నీళ్లు వెతుక్కుంటూ నల్లమల వైపు నడుస్తాయి. ఏ కుంటలో నీళ్లున్నాయి, ఏ ఊళ్లో గాలికుంటు తిరుగుతోంది, ఏ రైతు ఎరువు కోసం తన చెలకలో మందను ఆపమంటున్నాడు, అన్నీ నాకే ఫోన్ చేసి అడిగేవారు. నేను పెద్దమనిషిని. కబురు నా దగ్గరికి రావాలి, నా నోటి నుంచి పోవాలి. మా నాయిన నాడూ అంతే. అది నాకు గొప్పగా ఉండేది, లేదనను.

"నీ ఫోన్ల చార్జింగ్ అయిపోతే రెండు జిల్లాల నోళ్లు మూతపడుతున్నయి మామా," అంది ఒకరోజు.

"అందుకే నన్ను పెద్దమనిషన్నరు."

"పెద్దమనిషివి గాబట్టే జర బరువు దించుకో."

వాకిట్లో కూర్చుని జొన్నగింజలు పరిచింది. గింజకొక మంద. నేను వడికిన ఉన్ని దారాన్ని ముక్కలు చేసి గింజల మధ్య పెట్టింది. అందరినీ అందరితో కలిపితే దారం చాలదు. అందరినీ ఒక్కడికే కడితే వాడు పడిపోయిన రోజు అందరూ పడిపోతారు. అందుకని గింజకు రెండు మూడు దారాలే. అయినా నీళ్ల కబురు కావాలన్న గింజలు తమలో తాము కలిసి ఉండాలి, మేత కబురు కావాలన్నవి తమలో తాము. నీళ్లు అడగనివాడి చేతి మీదుగా నీళ్ల కబురు పోకూడదు. "అడగని మాటను మోపిస్తే అది వెట్టి మామా," అనేది. ఎంతోసేపు దారాలు అటు తీసి ఇటు పెట్టింది. ఇంతలో మా కోడి వచ్చి ఒక గింజను మింగేసింది.

"పోయింది నీ మంద," అని నవ్వాను.

ఆమె కోడిని తరమలేదు. నేల మీదికి వంగి, "ఉండు మామా, మిగిలినయి కలిసే ఉన్నయా లేవా చూడనీ," అంది. కలిసే ఉన్నాయి. అప్పుడు లేచి ఆ కోడికి ఇంకో గుప్పెడు జొన్నలు వేసింది.

కొత్త స్తంభాలు పాతలేదు. నడుమ పెద్ద మిషన్ పెట్టలేదు, దేనికీ కిరాయి లేదు. మా దగ్గరున్న ఫోన్లలోనే బొమ్మలు పెట్టింది. చుక్క అంటే నీళ్లు, గడ్డిపరక అంటే మేత, సూది అంటే రోగం, దీపం అంటే చావు. బొమ్మ నొక్కి నోటితో చెబితే చాలు. ఆ బొమ్మ కోరుకున్నవాళ్ల ఫోన్ల మీదుగానే మాట ఒకరి నుంచి ఒకరికి పోతుంది. సిగ్నల్ లేని చోట రెండు మందలు ఎదురుపడితే ఫోన్లు వాటంతటవే ఇచ్చిపుచ్చుకుంటాయి. దొడ్డి దొడ్డికీ తిరిగి, ఒక్కో కాపరి పక్కన కూర్చుని అడిగింది, "నీకేం కబురు గావాలె అన్నా?" అని. మమ్మల్ని అట్లా అడిగినవాళ్లు అంతకుముందు లేరు. ఏం చెయ్యాలో చెప్పిపోయేవాళ్లే అందరూ.

నా వంతు వచ్చింది.

"దీపం వద్దు," అన్నాను.

"ఎందుకు మామా?"

"నా ఈడోళ్లు పోతనే ఉన్నరు. అడవిల కూసోని గా సావులు వినుడు నాతోని గాదు. ఊరికి పోయినంక ఎట్లయిన తెలుస్తది."

"మనింట్ల ఎవరికన్న ఏమన్న అయితే?"

"మనింట్ల పొయ్యేటోన్ని నేనే గద. నా సావు నాకు చెప్పాల్నా?"

ఆమె నవ్వింది. నవ్వుతూనే దీపం తీసేసింది. "నువ్వు వద్దన్నంక ఒక్క మాట నీ దాక రాదు," అంది. అన్నట్టే చేసింది. ఇప్పుడు నా ఫోన్‌లో దీపం ఉంది. ఎవరి చావు వచ్చినా వింటున్నాను.

ఆ దారి నడవడం మొదలయ్యాక నా ఫోన్ మోగడం తగ్గింది. మందలు బాగున్నాయి, నీళ్లు దొరుకుతున్నాయి, నన్ను అడిగేవాడు లేడు. నేను ఎవరితోనూ అనలేదు. ఆమె కనిపెట్టింది. నేను ఊళ్లో ఉన్నన్నాళ్లూ పొద్దుగూకే వేళ నల్లగొండ నుంచి ఫోన్ చేసేది.

"ఏం కబురు బిడ్డా?"

"ఏం కబురు లేదు మామా. ఊకెనే చేసిన."

మొన్న ఎండాకాలం ఆమెకు కామెర్లు వచ్చి దవాఖానలో చేర్చారు. నేను మంచం పక్కన కూర్చున్నాను.

"గొర్లు ఏం తాగుతున్నయి?" అంది.

"బోరు నీళ్లు. అదీ ఆగుతాంది."

"మరి ఈడ కూసోని ఏం జేస్తవు? నువ్వేమన్న డాక్టర్‌వా?"

"నువ్వు లేసినంక పోత."

"నువ్వొచ్చేసరికి లేసి కూసుంట. పో మామా, పాపం గవి మూగజీవాలు."

పోయాను.

ఆమె పోయిన పొద్దున మావాడు నాకు ఫోన్ మీద ఫోన్ చేశాడట. సిగ్నల్ లేదు. దీపం నొక్కి చెప్పాడు. నేను దీపం వద్దన్న సంగతి వాడికి తెలియదు. కబురు రెండు జిల్లాల మందల్లో పాకింది. నా పక్క మందలకూ చేరింది. మా కాపర్లలో ఒక పద్ధతి ఉంది. చావు కబురు ముందు పెద్దమనిషికి పోతుంది, తరవాతే మిగిలినవాళ్లకు. చావు జరిగిన ఇంటి పెద్ద తానుగా నోరు విప్పేదాకా ఆ మాట ఎవరూ ఎత్తరు. వచ్చి పక్కన కూర్చుంటారు, అంతే.

ఆ మధ్యాహ్నం పక్క మందల కాపర్లు ఇద్దరు వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఏందిరా, పిల్లను చూడనీకి వచ్చినట్టు గట్ల కూసున్నరు?" అన్నాను.

తలలు వంచుకున్నారు. ఛాయ్ ఇస్తే తాగలేదు. "అయితే పోయి గొర్లను మేపుకోండ్రి," అని కసిరాను. లేస్తూ ఒకడు నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను ఆ చెయ్యి తీసేశాను. నా గుండె బండ అనుకుని పోయారు. ఊరికి బయలుదేరిన బామ్మర్దికి మరునాడు దారిలో ఎదురై, మీ బావ మందను విడిచి కదలడం లేదని చెప్పారు. వాడు నన్ను తిట్టడానికే గుట్ట దిగాడు.

బస్సులు మారి ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. మావాడు గడప మీద కూర్చుని ఉన్నాడు.

"ఆఖరి చూపుకన్న జర ఆపకపోతివి," అన్నాను.

"ఆపిన బాపు. నీకే ముందు తెలిసి ఉంటదనుకున్న. దారిల ఉన్నవనుకున్న. నిన్న చీకటి పడుతాందని అందరు లేపిండ్రు."

వాడి పక్కన గడప మీదే కూర్చున్నాను.

"మొహం ఎట్లుండె?"

"పచ్చగుండె బాపు. కండ్లు గూడ పచ్చగనే."

ఆమెను పూడ్చిన మా చెలకకు ఒక్కణ్ణే పోయాను. కొత్త మట్టి కుప్ప. దాని చుట్టూ ఎటు చూసినా అడుగులు, కాపర్ల చెప్పుల అడుగులు. అడుగుల పక్కనే కర్రలు ఆనించిన గుంటలు. ఏం కబురు కావాలని ఆమె ఎవరెవరి పక్కన కూర్చుని అడిగిందో, వాళ్లలో అడవి లోపల చిక్కుకున్నవాళ్లు తప్ప అందరూ వచ్చి, కర్రల మీద ఆనుకుని నిలబడి పోయారు. చెప్పులు విడిచాను. ఎవరి అడుగూ తొక్కకుండా దగ్గరికి పోదామని చూశాను. నా కాలు పెట్టేంత జాగా కూడా లేదు. గట్టు మీదే నిలబడ్డాను. గాలి లేచింది. ఆ అడుగుల అంచులు కొంచెం కొంచెంగా రాలి, లోపలే పడుతున్నాయి.