చేపల యంత్రానికి మూడో కొటేషన్

బాలత్రిపురసుందరి గారు మూడు కొటేషన్లు లేనిదే ఏ వస్తువూ కొనరు. కొత్తిమీర కట్టయినా, కారయినా ఆవిడ దృష్టిలో ప్రభుత్వ కొనుగోలే. విజయవాడలో నీటిపారుదల శాఖ స్టోర్స్ విభాగంలో పంతొమ్మిదేళ్ళు పనిచేసి, భర్త ఉద్యోగం వెంట కెనడాలోని సార్నియా చేరి పన్నెండేళ్ళయింది. శాఖ ఆవిడను వదిలింది గానీ, ఆవిడ శాఖను వదల్లేదు. పెళ్ళి సంగతి అడిగితే తమది ప్రేమ వివాహమూ కాదు, పెద్దలు కుదిర్చిందీ కాదు, నిబంధనల ప్రకారం ఖరారైందని చెప్పేవారు. ఆంజనేయులు గారు మూడో సంబంధం. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆయన మీసాల్లో నవ్వుకుని, "మొదటి ఇద్దరూ టెక్నికల్ బిడ్‌లోనే పోయారు" అనేవారు.

అటువంటి ఆవిడకు, అక్కడి కాలేజీలు ఇండియా నుంచి చేతికందిన వాళ్ళనందరినీ చేర్చుకున్న ఆ ఏడాది అక్టోబరులో, ఫిష్‌ఫైండర్ కొనాలని బుద్ధి పుట్టింది. నీళ్ళలోకి ఒక సెన్సార్ దింపితే అడుగున చేప ఎక్కడుందో తెర మీద చూపించే యంత్రం అది. ఆవిడ పెట్టిన షరతులు వేరు. వేసవిలో పడవ మీంచీ పనిచెయ్యాలి, చలికాలంలో సరస్సు గడ్డకట్టాక మంచులో తొలిచిన కన్నంలోంచీ పనిచెయ్యాలి, తిరిగిన చోటల్లా పటం తనే గీసుకోవాలి. మీకు పడవ ఉందా అని గాలాల షాపులో కర్టిస్ అమాయకంగా అడిగాడు. పడవ వేరే ఫైలు అని ఆవిడ సమాధానమిచ్చారు. ఇంతకీ ఆవిడ చేప ముట్టరు. తను కొనుగోలు విభాగమనీ, వినియోగం ఆంజనేయులు గారు చూసుకుంటారనీ వివరణ.

సొంత నిర్ణయం నిబంధనలకు విరుద్ధం కాబట్టి కమిటీ కావాలి. ఆ ఏడు సార్నియాలో మంచు కంటే ముందే విద్యార్థులు కురిశారు కాబట్టి కమిటీకి కొదవ లేదు. భవిత ఆవిడకు ఇండియన్ షాపులో చిక్కింది. అనంతపురం పిల్ల, ఎలక్ట్రానిక్స్ బీటెక్. ఐదుగురితో కలిసి ఒక బేస్‌మెంట్‌లో ఉంటోంది. కందిపప్పు ప్యాకెట్టు తీసి, చూసి, మళ్ళీ అరలో పెడుతుండగా వెనకనించి గొంతు వినబడింది.

"ఎలక్ట్రానిక్సా నువ్వు?"

"అవునాంటీ. మీకెట్లా తెలుసు?"

"మొహం చూస్తే తెలియదూ. నువ్వు టెక్నికల్ మెంబరువి. ఆదివారం మధ్యాహ్నం మీటింగు. భోజనం కమిటీదే. నువ్వు రాకపోతే కోరం ఉండదు, పాపం నీదే."

పాపం ఎందుకులెమ్మని భవిత వెళ్ళింది. అక్కడ జగిత్యాల గోపీకృష్ణ అప్పటికే 'అతిశీతల వ్యవహారాల నిపుణుడి'గా కుర్చీలో ఉన్నాడు. సూపర్‌మార్కెట్ ఫ్రీజర్ గదిలో పార్ట్‌టైమ్ చేస్తాడన్నదే అతని అర్హత. నర్సింగ్ అసిస్టెంట్ చదువుతున్న వాసవి 'ప్రమాద నివారణ'. మిగతా ఇద్దరికి ఏ అర్హతా దొరక్క 'ప్రజా ప్రతినిధులు'గా తీసుకున్నారు.

మీటింగులో చేపల యంత్రం గురించి పది నిమిషాలూ, వంకాయ కూర గురించి గంటా చర్చ నడిచేది. మినిట్స్ పుస్తకంలో అన్నీ ఎక్కేవి. రెండోసారి వడ్డిస్తుంటే వద్దన్నవాళ్ళను 'విభేదించిన సభ్యులు'గా నమోదు చేసి, కారణాలు రాతపూర్వకంగా అడిగేవారు. మొదటి వారం భవిత మొహమాటానికి వద్దంది. కాగితం, పెన్నూ చేతికిచ్చి, కనీసం అరపేజీ రాయమన్నారు. రెండో వారం నుంచి ఆ పిల్ల ఏ తీర్మానాన్నీ వ్యతిరేకించలేదు. మిగిలిన కూరలు డబ్బాల్లో 'శాంపిళ్ళు'గా సభ్యుల వెంట వెళ్ళేవి. శాంపిలు ఎలా ఉందో గురువారం లోపల నివేదిక ఇవ్వాలి.

మెంబర్ల చేత ఒక ఫారం కూడా నింపించారు. 'పని వేళలు' అన్న గడిలో 'ఆదివారం ఉదయం ఆరు' అనీ, 'రవాణా సౌకర్యం' అన్న గడిలో 'నడక' అనీ భవిత రాసి మర్చిపోయింది. నిజానికి ఆ రెండో గడిలోనే ఆ పిల్ల ప్రాణం ఉంది. లండన్ రోడ్డులో ఒక కాఫీ షాపులో ఆ పిల్లకు ఆదివారం ఉదయం ఆరింటి షిఫ్టు. ఆ ఊళ్ళో ఆదివారం బస్సు తొమ్మిదికి గాని నిద్ర లేవదు. ఆరు కిలోమీటర్లు, ఎదురుగా సరస్సు గాలి. నవంబరులో రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి ఆలస్యమైతే ఇక రానక్కర్లేదని మేనేజరు మర్యాదగానే చెప్పాడు. ఆ ఉద్యోగం పోతే ఆ చలికాలంలో ఇంకోటి దొరికే ఊరు కాదది. ఈ సంగతి భవిత ఎవరికీ చెప్పలేదు.

తరువాతి ఆదివారం ఐదుంబావుకు బేస్‌మెంట్ ముందు కారు ఆగి ఉంది. డ్యాష్‌బోర్డు మీద పరీక్ష కోసం షాపు నుంచి తెచ్చిన చేపల యంత్రం, పక్క సీట్లో దాని బ్యాటరీ, స్టీరింగు వెనక రెండు శాలువల్లో బాలత్రిపురసుందరి గారు.

"చలిలో పటం సరిగ్గా చూపిస్తుందో లేదో పరీక్షించాలి. టెక్నికల్ మెంబరు లేకుండా పరీక్ష చెల్లదు. ఎక్కు."

"నాకు డ్యూటీ ఉందాంటీ."

"ఎటువైపు?"

"లండన్ రోడ్డు."

"పరీక్షా అటే. బ్యాటరీ ఒళ్ళో పెట్టుకో, వెచ్చగా ఉంచాలి దాన్ని."

కారు కదిలింది. భవిత తెర చూసి, లోతు సున్నా చూపిస్తోందని చెప్పింది. రాసుకోమన్నారు. రోడ్డు మీద సున్నా కాక ఇంకేం చూపిస్తుందాంటీ అని అడిగితే, "సున్నాని సున్నాగా చూపించేవి ఎన్నున్నాయమ్మా లోకంలో" అని నిట్టూర్చారు. దిగేచోట కారు ఆపి, చేప ఉన్న చోట గుర్తు పెట్టుకునే మీట నొక్కి, కళ్ళద్దాలు పైకి తోసుకుని ఏదో టైపు చేసుకున్నారు. ఇక ప్రతి ఆదివారమూ అదే పరీక్ష. మతి లేని ఆవిడ కోసం తను చేస్తున్న సేవ గురించి భవిత వాళ్ళమ్మకు ఫోనులో ఘనంగా చెప్పుకునేది.

డబ్బు కట్టి తెచ్చిన వస్తువును ముప్ఫై రోజుల్లో తిరిగిస్తే కర్టిస్ షాపు పుచ్చుకుంటుంది. ఇరవై తొమ్మిదో రోజున ఆవిడ రెండు పేజీల అభ్యంతరాలతో సహా యంత్రాన్ని తీసుకుపోయి, ఇంకోటి తెచ్చేవారు. మొదటిదానికి మంచు కన్నంలో దింపే సెన్సార్ విడిగా కొనాలి. రెండోదాన్ని చేతి గ్లవ్స్ తియ్యకుండా నొక్కలేం. లోపలి మెమరీ కార్డు మాత్రం 'శాఖ ఆస్తి' అంటూ ఊడదీసి కొంగున కట్టుకునేవారు. అన్నిటికీ మించి మూడో కొటేషన్ ఎప్పటికీ వచ్చేది కాదు. ఒక షాపు మూతపడేది, ఒక మోడల్ ఆగిపోయేది. ఆ వార్త విన్నప్పుడల్లా ఆవిడ మొహంలో ఒక ప్రశాంతత కనిపించేది.

జనవరిలో సరస్సు పాయ సార్నియా బే గడ్డకట్టింది. ఆంజనేయులు గారు మంచులో రెండు కన్నాలు తొలిచారు. ఒకదాని చుట్టూ కమిటీ చేరి తెర చూసింది. ఇక్కడ చేపలు లేవని తీర్మానించింది. రెండోదాని పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చున్న ఆంజనేయులు గారు అదే నిమిషంలో గాలం లాగారు. జానెడు పెర్చ్ చేప గిలగిల్లాడింది.

"ఇది టెండరు ఖరారు కాకముందు పట్టిన చేప," అన్నారు ఆవిడ. "లెక్కలోకి రాదు."

ఆయన దాన్ని బకెట్టులో వేసి ఇంకోటి పట్టారు. అదీ లెక్కలోకి రాలేదు. ఆ సాయంత్రం లెక్కలోకి రాని పదకొండు చేపల్ని కమిటీ వేపుడుగా పరిశీలించింది.

ఫిబ్రవరిలో పరీక్షలు దగ్గరపడి భవితకు ఓపిక చచ్చింది. ఒక్క యంత్రానికి నాలుగు నెలలా అనుకుని, రెండు రోజులు కూర్చుని అన్ని మాన్యువల్సూ చదివి, నాలుగు పేజీల నివేదిక తయారుచేసింది. మూడో యంత్రానికే ఓటు. రెండు సెన్సార్లూ పెట్టెలోనే వస్తాయి, బ్యాటరీ తీసి కోటు జేబులో వెచ్చగా పెట్టుకోవచ్చు, పటం దానంతటదే గీస్తుంది. మీటింగులో చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"అయితే ఇగ అయిపోయినట్టేనా ఆంటీ?" అన్నాడు గోపీకృష్ణ.

బాలత్రిపురసుందరి గారు ఆ కాగితాల వంక రిటైర్‌మెంట్ ఆర్డరు వంక చూసినట్టు చూశారు. "మూడో కొటేషన్ రాలేదు కదమ్మా," అన్నారు నీరసంగా.

"వచ్చిందాంటీ. గంట దూరంలో లండన్ ఊరుంది కదా, అక్కడి షాపుకు నేనే రాసి తెప్పించినా."

కూర గరిటె గిన్నెలో పడింది. ఆవిడ దాన్ని తీసి తుడిచి పక్కన పెట్టారు. చివరికి, శనివారం ఆఖరి మంచు పరీక్ష అవుతుందనీ, రూల్ ప్రకారం కొనుగోలు పూర్తయిన రోజే కమిటీ రద్దవుతుందనీ ప్రకటించారు. ఆంజనేయులు గారు తల ఎత్తి భార్యను చూసి, ఆవిడ కంచంలో ఇంకాస్త పెరుగు వేశారు.

శనివారం మంచు మీద, గీసిన పటం సరిగ్గా ఉందో లేదో చూద్దామని భవిత కొంగుముడిలోని కార్డు అడిగి తీసుకుని యంత్రంలో పెట్టింది. దాచిన గుర్తులు నలభై ఏడు. నీళ్ళలో ఒక్కటీ లేదు. పొరపాటేమోనని పటాన్ని పెద్దది చేసింది. గుర్తులన్నీ ఊళ్ళోనే, వీధుల వెంట, ఇంగ్లీషు అక్షరాల్లో కుదించి కొట్టిన తెలుగుతో ఉన్నాయి. తన బేస్‌మెంట్ మీదా, కాఫీ షాపు మీదా చేప బొమ్మలు. 'భవిత, ఆది 5.15, బస్సు లేదు.' సూపర్‌మార్కెట్ మీద ఇంకో చేప. 'గోపి, గ్లవ్స్ లేవు.' దాని కింద, 'ఇచ్చాం.' అతిశీతల నిపుణుడికి 'పరీక్షా పరికరం' అని రసీదు రాయించుకుని ఇచ్చిన గ్లవ్స్ భవితకు గుర్తొచ్చాయి. వాసవి ఉండే ఇంటి మీద, పడవలు బద్దలు కాకుండా హెచ్చరించే బండరాయి గుర్తు. 'ఓనరు హీటరు వెయ్యడు. మూడుసార్లు వెళ్ళాను. వేశాడు.' కాలేజీ ఎదుటి బస్‌స్టాపు మీద లంగరు. 'మే బ్యాచ్, నలుగురు. చలికోట్లు వెతకాలి.'

భవిత తలెత్తింది. నాలుగు అడుగుల దూరంలో బాలత్రిపురసుందరి గారు కన్నం వ్యాసం టేపుతో కొలుస్తూ, అరంగుళం తేడా వచ్చిందని గోపీకృష్ణకు మెమో ఇస్తున్నారు. రేపు ఆదివారం. ఇవాళ సంతకమైతే రేపు పరీక్ష లేదు. మే నెలకు లంగరూ లేదు. ఇంత ఘనకార్యం చేసింది తను, అదీ పట్టుబట్టి, రెండు రాత్రుల నిద్ర మానుకుని.

గ్లవ్స్ తీసి పెన్ను అందుకుంది. చలికి సిరా రాలేదు. నోటితో ఊది, నివేదిక ఆఖరి పేజీలో రాసి ఆవిడ చేతికిచ్చింది. కళ్ళద్దాలు మంచుపట్టి ఉండటంతో ఆవిడ దాన్ని పైకే చదివారు.

"టెక్నికల్ అభ్యంతరం. యంత్రాన్ని మంచులో పరీక్షించడమైనది. పడవ లేనందున మామూలు నీటిలో పరీక్షించలేదు. మంచు నీరయ్యే నడిమి కాలంలో అసలే పరీక్షించలేదు. కావున టెండరు రద్దు చేసి మళ్ళీ పిలవవలెను. కమిటీ గడువు పొడిగించి, మే నెలలో కొత్తగా నలుగురు సభ్యులను చేర్చుకొనవలెను."

ఆవిడ కాగితం మీంచి చూపెత్తి, భవితనూ, యంత్రాన్నీ, అందులోని కార్డునూ వరసగా చూశారు.

"నలుగురని నీకెవరు చెప్పారు?"

"టెక్నికల్ మెంబర్ని కదాంటీ."

బాలత్రిపురసుందరి గారు ముక్కు తుడుచుకున్నారు. చలి అన్నారు. "అభ్యంతరం రూల్ ప్రకారమే ఉంది. నేను చెయ్యగలిగింది ఏమీ లేదు," అని సంతకం పెట్టి, తేదీ వేసి, కార్డు మళ్ళీ కొంగున ముడేశారు. అప్పుడే ఆంజనేయులు గారి గాలానికి మూరెడు చేప పడింది. ఇదన్నా లెక్కలోకి వస్తుందా అని ఆయన ఆశగా అడిగారు. టెండరే రద్దయినప్పుడు లెక్క ఎక్కడిదని ఆవిడ కసిరారు.

మర్నాడు ఐదుంబావుకు కారు వచ్చింది. భవిత అడక్కుండానే ఎక్కి, బ్యాటరీ ఒళ్ళో పెట్టుకుని, తెర మీదకు వంగింది.

"లోతు సున్నా ఆంటీ."

"సరిగ్గా చూడు."

"సరిగ్గానే ఉంది."

"రాసుకో మరి," అన్నారు బాలత్రిపురసుందరి గారు, గేరు మారుస్తూ. "వచ్చేవారం మళ్ళీ చూద్దాం."