రోజుకు ఐదు మాటలు

నేను తెలుగు టీచర్ని. ఆర్మూరులో హైవే పక్కనున్న ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో పదో తరగతికి తెలుగు చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పడం లేదు. నేను మానేయలేదు, నా మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. నాకు ఇంగ్లీషు మాటలు బాగా వచ్చినందుకు ఆ క్లాసు పోయింది. చెబితే అందరూ నవ్వుతారు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

ఆ జూన్‌లో బడి తెరిచిన రోజే కరస్పాండెంట్ సార్ స్టాఫ్‌రూములోకి వచ్చాడు. "ఇగ నుంచి క్యాంపస్‌ల ఇంగ్లీషే మాట్లాడాలె. తెలుగు బంద్" అని శుభ్రంగా తెలుగులోనే చెప్పాడు. జక్రాన్‌పల్లి వైపు కొత్తగా ఒక బడి వచ్చిందట, అక్కడ టీచర్లు తమలో తాము కూడా ఇంగ్లీషే మాట్లాడుకుంటారట, మన బస్సులు దిగి పిల్లలు వాళ్ళ బస్సులు ఎక్కుతున్నారట. అందుకని మేమంతా రోజుకు ఐదు పెద్ద ఇంగ్లీషు మాటలు అర్థాలతో సహా నేర్చుకోవాలి. శనివారం ఆయనే స్వయంగా అడుగుతాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు. "తెలుగు మేడం, మీకు సుత. రాకపోతే టెన్త్ క్లాస్ వేరేటోళ్ళకు ఇస్త, మీరు చిన్న పిల్లలకు చెప్పుకోండ్రి."

పదో తరగతి అంటే నాకు ప్రాణం. ఆ వయసు పిల్లలు పద్యం వింటూ వింటూ ఒక్కోసారి రాయడం ఆపి తలెత్తి చూస్తారు. ఆ చూపు చిన్న క్లాసుల్లో దొరకదు. అది పోతే బడికి రావడానికి నాకు వేరే కారణం లేదు.

తలా ఒక లావుపాటి పుస్తకం ఇచ్చారు. ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు అర్థం. బస్సులో చదివాను, పొయ్యి దగ్గర చదివాను, పళ్ళు నూరుకుంటూ చదివాను. కోపం మీద చదివితే చదువు త్వరగా ఎక్కుతుందని అప్పుడే తెలిసింది.

మొదటి శనివారం సార్ పుస్తకాన్ని గుండెకు ఆనించుకుని, అర్థం ఉన్న చోట వేలు పెట్టుకుని వరసగా అడిగాడు. నాకు 'ప్రోక్రాస్టినేట్' వచ్చింది.

"రేపు మాపు అనుకుంట పనిని ఎనుకకు నూకుడు సార్" అన్నాను.

ఆయన వేలు తీసి చూసుకున్నాడు. "బుక్కుల గట్ల లేదు మేడం. 'కాలయాపన చేయుట' అని ఉన్నది."

"రెండూ ఒకటే సార్."

"ఒకటెట్లైతది? బుక్కులున్నది చెప్పుండ్రి" అని నా పేరు పక్కన తప్పు పెట్టాడు. తెలుగులో ఎమ్మే చదివినదాన్ని, తెలుగు అర్థం దగ్గర తప్పాను. ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాతి సోమవారం సోషల్ సార్ పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ముప్కాల్ రైతుల ఇంటి పిల్లవాడు, తెలివైనవాడే. "మేడం, ఇన్‌డిఫరెన్స్ అంటే ఉదాసీనత అట. జర చెప్పుండ్రి, గీ ఉదాసీనత అంటే ఏంది?" నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఒక తెలియని మాటకు ఇంకో తెలియని మాట పెట్టుకుని స్టాఫంతా వారం రోజులుగా బట్టీ కొడుతున్నారు! మా ఇళ్ళల్లో పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అనని మాటలు అవి. ఆ పుస్తకం రాసినవాడు ఎవరో, ఏ ఇంట్లో పెరిగాడో.

"ఎదుటోడు ఏడ్సినా నవ్వినా నాకేంది అనుడు సార్" అన్నాను.

"గంతేనా! గదే రాస్తె అయిపోవు గద" అన్నాడు.

అప్పటినుంచి మధ్యాహ్నం టిఫిన్ బాక్సులు పట్టుకుని అందరూ నా చుట్టూ చేరేవారు. మెటిక్యులస్ అంటే ఏమిటని లెక్కల మేడం అడిగితే, "పసుపు ఎండినంక మీ అత్తమ్మ కొమ్ములు ఒక దిక్కు, గుండ్రటి మండలు ఒక దిక్కు ఏరి, పుచ్చింది ఒక్కటి గూడ పోనియ్యకుంట చూస్తది సూడు, గది" అన్నాను. ఆమె మళ్ళీ ఎప్పుడూ మరిచిపోలేదు. రిలక్టెంట్ అంటే పొద్దున బడికి పొమ్మంటే చెప్పు దొరకడం లేదని ఇల్లంతా తిరిగేవాడు. ముందు మన మాట, తర్వాత సార్ కోసం పుస్తకం మాట. శనివారాలు అందరం గట్టెక్కాం. నిజం చెప్పొద్దూ, నేను సంబరపడ్డాను. చూశారా, నా తెలుగు లేకపోతే వీళ్ళ ఇంగ్లీషు ఒక్క అడుగు కదలదు అనుకున్నాను. పిచ్చిదాన్ని.

దసరా సెలవులయ్యాక సార్ ఆఫీసులోకి పిలిచాడు. కుర్చీ చూపించి టీ తెప్పించాడు. నాకు అక్కడే అనుమానం రావలసింది.

"మేడం, మీరు చెప్తె అందరికి సమజైతుందట గద. ఇగ నుంచి ఆరో క్లాసు కాడికెల్లి పది దాంక వొకాబులరీ పీరియడ్లు మీవే."

"మరి టెన్త్ తెలుగు సార్?"

"సోషల్ సార్ చూస్కుంటడు. తెలుగుదేమున్నది మేడం, ఎవ్వలైన చెప్తరు. గిది మీరే చెప్పాలె."

మాటలు రాకపోతే ఆ క్లాసు తీసేస్తానన్నాడు. వచ్చాయి కాబట్టి తీసేశాడు. "నేను ఇన్ని దినాలు చదివింది గా క్లాసు కోసమే సార్" అన్నాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ప్రమోషన్ ఇస్తుంటె ఏడుస్తరేంది మేడం?" అన్నాడు. సోషల్ సార్ కారిడార్‌లో నన్ను ఆపి, "నేను అడగలేదు మేడం, ఒట్టు" అన్నాడు. అడగలేదని నాకూ తెలుసు. అయినా అతని మీద కోపం లేదంటే అబద్ధం.

పసుపు ఉడకబెట్టే రోజుల్లో పేరెంట్స్ మీటింగు జరిగింది. అంకాపూర్ నుంచి ఒక తండ్రి పొలం పని మధ్యలో లేచి వచ్చాడు. గోళ్ళ దాకా పసుపు. "మా బిడ్డ మీ ముచ్చటనే చెప్తది మేడం. ఇంగ్లీష్ మస్తు చెప్తరట. ఇంతకుముందు ఏం చెప్పేటోళ్ళు?" అన్నాడు.

"తెలుగు."

"తెలుగు చెప్పేదేముంటది మేడం, ఇంట్ల మాట్లాడుతనే ఉంటం గద" అని నవ్వాడు. మనసులో ఏదో పెట్టుకుని అన్న మాట కాదు. అందుకే నేనూ నవ్వి, బిడ్డ మార్కుల కాగితం ఆయన చేతిలో పెట్టాను.

ఆ నెలలోనే ఒక రోజు తొమ్మిదో తరగతిలో ఉన్నాను. పదో తరగతి అమ్మాయి ఒకతి తెలుగు పుస్తకం పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. "మేడం, సోషల్ సార్ మిమ్మల్ని అడిగి రమ్మన్నడు. 'ఔదార్యం' అంటే ఏంది?"

నా మొహం వెలిగిపోయి ఉంటుంది. చేతిలో చాక్‌పీసు పడేసి ఆమె దగ్గరికి వెళ్ళాను. "చెప్త బిడ్డా, ఇను. మనకే సరిపోకుంట ఉన్నప్పుడు గూడ, వాకిట్లకు ఒకలు వస్తే..."

"మేడం, సార్ జల్ది రమ్మన్నడు" అంది ఆ పిల్ల. "ఇంగ్లీష్‌ల ఏమంటరో గది చెప్పుండ్రి, సమజైతది."

"మ్యాగ్నానిమిటీ" అన్నాను.

"ఓ, గదా! గది అందరికి తెల్సు మేడం. మీరే చెప్పిండ్రు గద!" అని నవ్వుతూ పరుగెత్తింది.

నిజమే, నేనే చెప్పాను. ఎంత బాగా చెప్పానంటే, ఆ పిల్లలకు ఇక తెలుగు మాటకు తెలుగులో అర్థం అక్కర్లేకుండా పోయింది.