ఆఫ్రికా పామని కొట్టి చంపారు

మా తమ్ముడు ఆఫ్రికాలో బోరుబండి మీద పనిచేస్తాడు. ఒకసారి రెండు కొండచిలువల ఫోటోలు పంపాడు. ఒకటి తానిప్పుడు దక్షిణాన ఉన్న చోటిది, రెండోది అంతకు ముందు ఉత్తరాన పనిచేసిన దేశంలోది.

"అక్కా, గీ చిన్నది పిల్ల, గా పెద్దది తల్లా?"

కరీంనగర్ కాలేజీలో జువాలజీ చెప్పే నాకు ఆ ప్రశ్న ఎంత సంబరమనిపించిందో! "పొడుగు జూసి చెప్పొద్దురా, తల జూడు" అన్నాను. ఆఫ్రికాలో ఉత్తరాది కొండచిలువ భారీగా పెరుగుతుంది, కంటి కింద పెద్ద నల్లమచ్చ ఉంటుంది. దక్షిణాదిది సాధారణంగా చిన్నది, నెత్తిమీది పొలుసులు కూడా చిన్నవి. ఒకప్పుడు రెండూ ఒకే జాతి అనేవారు, ఇప్పుడు చాలామంది వేరంటున్నారు.

వాడు పెద్దదాని ఫోటో చుట్టాల గ్రూపులో పెట్టాడు. అది ఊళ్లు తిరిగి, ఆఫ్రికా పాములు మన కాలువల్లోకి వచ్చి పిల్లల్ని మింగుతున్నాయనే వార్త అయింది.

ఒకరోజు సుల్తానాబాద్ దగ్గరి మా ఊరి నుంచి నాన్న తమ్ముడు, మా చిన్నబాపు ఫోన్ చేశాడు. "బిడ్డా, గదే పాము మా చేపల వలల పడ్డది."

"కొట్టకుండ్రి, నేనొస్తున్న" అని ఫారెస్టు వాళ్లకు చెప్పి బస్సెక్కాను.

వెళ్లేసరికి కొండచిలువ వలలో కదులుతోంది. వంటి మీద మచ్చలు విడివిడిగా ఉన్నాయి. ఆఫ్రికా వాటికైతే కలిసిపోయి వంకర పట్టీల్లా ఉంటాయి. "ఇది మన దేశపుదే, విషం లేదు" అంటూ ఫోన్లో ఫోటోలు చూపించాను.

"నీ తమ్ముడే పంపిండు గద మేడం! గిది పెరిగి మా పిల్లల మింగితే నువ్వు తెచ్చిస్తవా?" అన్నాడొకాయన.

నేనింకా మచ్చలు చూపిస్తూనే ఉన్నాను. చిన్నబాపు గడ్డపార ఎత్తి దాని తల మీద వేశాడు.

జీపు తర్వాత వచ్చింది. "ఎవరు కొట్టిండ్రు?" అని ఆఫీసరు అడిగితే అందరూ పొలాల వైపు చూశారు. "మేమొచ్చేసరికే సచ్చి ఉన్నది సార్" అన్నాడు చిన్నబాపు. ఆఫీసరు నా వైపు తిరిగాడు. నేను చూసింది చెప్పాను.

చిన్నబాపు మీద కేసయింది. తమ్ముడు ఫోన్ చేసి, "పాము కోసం ఇంటోళ్లనే పట్టిస్తవా అక్కా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. మళ్లీ వాడు మాట్లాడలేదు.

మొన్న కరీంనగర్ బస్టాండులో చిన్నబాపు భార్య, మా చిన్నమ్మ ఎదురుపడింది. "సారు అడిగితే తెల్వదంటే నీ సొమ్మేం బోయేది?" అంది.

అంతలో మంథని బస్సు వచ్చింది. చిన్నమ్మ ఎక్కి వెళ్లిపోయింది.