కుడిపక్క సీటు

మొన్న మా చెల్లెలి మనవరాలి పెళ్లికి చేవెళ్ల వెళ్తూ కారులో ముందు సీట్లో కూర్చున్నాను. నడుపుతున్నది నా మనవరాలు. మొయినాబాద్ దగ్గర రోడ్డంతా తవ్వి పెట్టారు. పిల్ల ఎదురుగా పెట్టుకున్న ఫోనులోంచి ఒక ఆడగొంతు ఆగకుండా ఏదో చెబుతూనే ఉంది, ఎనిమిది వందల మీటర్లలో ఎడమవైపు తిరగమని, తర్వాత నేరుగా వెళ్లమని. నేను "అగో, లారీ వస్తుంది, జర చూస్కో బిడ్డా" అని మూడుసార్లు అన్నాను. "ఊ" అని కూడా అనలేదు. ఆ గొంతు తిరగమనగానే మాత్రం బుద్ధిగా తిరిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. డెబ్బై ఆరేళ్ల ముసలిదానికి ఫోనులో గొంతు మీద కుళ్లేమిటని మీరు నవ్వుకుంటారేమో, నవ్వుకోండి. ఇది నాకు ఇవాళ పుట్టిన జబ్బు కాదు, ఇదే రోడ్డు మీద అరవై తొమ్మిదిలో పట్టుకున్న జబ్బు.

అప్పుడు మా ఇంటాయన చేవెళ్లలో ఒక మిషన్ దవాఖాన జీపుకు డ్రైవరు. మేం ఆ దవాఖాన వెనకాలే రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. ఆ జీపు ఎక్కడో సముద్రాల అవతలి నుంచి దానంగా వచ్చింది. వాళ్ల దేశంలో బండ్లన్నీ రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయట, అందుకని స్టీరింగు ఎడమ పక్కన ఉండేది. మనం నడిచేదేమో ఎడమ పక్కన. స్టీరింగూ ఎడమకే ఉంటే ఇక డ్రైవరుకు కనబడేదేముంది? రోడ్డు వార తుమ్మచెట్లు, ముందు పోతున్న గడ్డిబండి వెనక భాగం, అంతే. బండిని దాటాలంటే కుడిపక్క సీట్లో కూర్చున్న మనిషి తల బయట పెట్టి ఎదురుగా ఏం వస్తోందో చూసి చెప్పాలి. "రా" అంటే దాటాలి, "ఆగు" అంటే ఆగాలి. మొదట్లో ముసలి కంపౌండరు కూర్చునేవాడు గానీ, బండి కదలగానే ఆయనకు కునుకు పట్టేది. ఒకసారి నిద్రలోనే "రా" అన్నాడట. ఎదురుగా బస్సు. జీపు పొలంలోకి దిగి బతికిపోయారు. ఆ తర్వాత ఆయన్ని వెనక బల్ల మీదికి పంపి, కొత్తగా వచ్చిన నర్సును ముందు కూర్చోబెట్టారు. నా పెళ్లయి అప్పటికి నాలుగు నెలలు.

ఆవిడ గుంటూరు పిల్ల. నాకంటే ఓ రెండేళ్లు పెద్దదేమో. మా ఇంటాయన్ను "అన్నగారూ" అనేది, నన్ను "వదినా" అనేది. అలా పిలిచింది కదా అని నా మనసు కుదుటపడిందా అంటే, లేదు. పొద్దున పోయి సాయంత్రం వచ్చేదాకా మా ఆయన ప్రాణం ఆవిడ నోటి మీద ఉంటుంది, ఆవిడ "రండి, రండి" అంటే పోతాడు, "ఆగండి" అంటే ఆగుతాడు. నేను "ఆగు, ఇంకో ముద్ద తిను" అంటే ఏనాడైనా ఆగాడా? ఆదివారం చర్చిలో పాస్టరుగారు అసూయ గురించి ప్రసంగం చేస్తుంటే, నేను ముందు వరసలో ఉన్న ఆవిడ కొప్పు మీంచి చూపు తిప్పలేదు.

అసలు నా కడుపు మండింది ఆ సీటు గురించి కూడా కాదు, వాళ్ల వాదం గురించి. జీపులో మీటరు మైళ్లు చూపించేది. రోడ్డు మీద అప్పుడప్పుడే పాత మైలురాళ్లు తీసి కిలోమీటరు రాళ్లు పాతుతున్నారు. మా ఆయన మైళ్ల మనిషి, ఆవిడ కిలోమీటర్ల మనిషి. సాయంత్రం ఆయన జీపు కడుగుతుంటే ఆవిడ మందుల పెట్టె దింపుకుంటూ మొదలుపెట్టేది. "మొయినాబాద్ పదహారు కిలోమీటర్లండి, ఒప్పుకోండి." ఈయన బకెట్ కింద పెట్టి, "పదారెందుకు పోవాలె సిస్టరమ్మా? మైళ్లల్ల పోతే పదే. నా తొవ్వనే దగ్గర!" అనేవాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్లు. ఇంకోరోజు ఆవిడ, ఏదో దేశంలో ఒక్క రోజులో జనమంతా ఎడమ పక్క నుంచి కుడి పక్కకు మారిపోయారట, పేపర్లో చదివాను అంది. మనమూ మారితే ఈ జీపుతో బాధ ఉండదు కదా అంది. "మనుషులు మారుతరు, సరే. ఎడ్లకు ఎవరు చెప్పాలె?" అన్నాడు మా ఆయన. ఆవిడ కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నేను తలుపు వెనక నిలబడి అంతా విన్నాను. మా ఆయనకు ఇంత మాట వచ్చని నాకు తెలియదు. ఇంట్లో ఆయన మాటలు లెక్కపెడితే రోజుకు పది దాటవు.

పోనీ నేనే వాదం పెడదామని ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "ఇగో, కిలో మంచిదా, సేరు మంచిదా?" అని అడిగాను. ఆయన తలెత్తకుండా, "ఏదైతే ఏంది, పప్పుల ఉప్పు తక్కువైంది" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఇంతలో తెలంగాణ ఉద్యమం ఊళ్లలోకి వచ్చింది. కాలేజీలు మూసేస్తే పట్నంలో చదివే మా తమ్ముడు ఇంటికొచ్చాడు. వాడి వయసు పిల్లలంతా రోడ్డు మీద కూర్చుని నినాదాలిచ్చేవాళ్లు. మా నౌకరీలు మాకు కావాలె అనేవాళ్లు. అందులో తప్పేముంది? మా పెద్దన్న చదువు ముగించి మూడేళ్లు ఖాళీగా ఉన్నాడు, ఆ బాధ మా ఇంట్లో అందరికీ తెలుసు. దవాఖానలో మాత్రం డాక్టరమ్మ భయపడి, ఎవరడిగినా నర్సుది ఖమ్మం అని చెప్పమంది. ఆ ఉపాయం చెప్పింది మా ఇంటాయనే. నాతో కూడా ఒట్టు పెట్టించుకున్నాడు. "నోరు జారకు. ఆమె నా చెల్లె లెక్క" అన్నాడు. చెల్లె లెక్క అన్నందుకు సంతోషించాల్సింది పోయి, ఆవిడ కోసం నాతో ఒట్టు పెట్టించుకున్నాడని ఇంకా మండిపోయాను.

ఓ రోజు నేను కష్టపడి చింతచిగురు దూసి, మాంసంలో వేసి వండాను. ఆయన వచ్చి తిన్నాడు. తింటూ తనలో తాను నవ్వుకున్నాడు. ఎందుకని అడిగితే, "ఏం లేదు, సిస్టరమ్మ ఫర్లాంగుకు గజాలెన్నో తెల్వదంట" అన్నాడు. కూర ఎట్ల ఉందో చెప్పనే లేదు. మర్నాడు మా తమ్ముడు వచ్చి, మిగిలిన కూర వేసుకుని తింటూ, "అక్కా, మీ దవాఖానల ఆంధ్రోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగాడు. "ఆ నర్సు ఖమ్మం అంటరు గని," అన్నాను, "ఖమ్మం కాదు, గుంటూరు." అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. వాళ్ల కోపానికి కారణం ఉంది, నేను నా దొంగ కోపాన్ని తీసుకెళ్లి అందులో కలిపాను. అనగానే నాలుక కరుచుకున్నాను. "నేను చెప్పిన్నని ఎవ్వరితోని అనకు" అని మాత్రం వాడికి చెప్పాను.

రెండు రోజులకు పది మంది పిల్లలు దవాఖాన ముందుకొచ్చారు. తిట్టలేదు, కొట్టలేదు. "సిస్టర్ గారూ, మీ మీద మాకు పగ లేదు. మీ ఊరికి మీరు పొండి, ఈ నౌకరి మా చెల్లెండ్లు చేస్తరు" అన్నారు. ఆవిడ లోపలికెళ్లి ట్రంకు పెట్టె సర్దుకుంది. మర్నాడు పొద్దున్నే పట్నంలో రైలెక్కించాలని డాక్టరమ్మ నిర్ణయించింది. రోడ్డు మీద ఆపుతారని ఆవిడను వెనక బల్ల మీద రోగిలా పడుకోబెట్టి దుప్పటి కప్పారు. కంపౌండరు భయపడి రానన్నాడు. అప్పుడు మా ఇంటాయన నా వైపు చూసి, "ఇగ నువ్వే కూసోవాలె" అన్నాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేను లోపలికెళ్లి నా పెళ్లిచీర కట్టుకుని వచ్చాను.

కుడిపక్క సీట్లో కూర్చున్నాను. ఎనిమిది నెలలు ఏడ్చి సాధించుకున్న సీటు. నాలుగు మైళ్లు పోయామో లేదో, ముందు కూరగాయల బండ్లు వరసగా తగిలాయి. "చూడు, ఏమన్న వస్తున్నదా?" అన్నాడు. తల బయట పెట్టాను. చెట్ల నీడలో నల్లగా ఏదో ఉంది. ఆగి ఉందో వస్తోందో తెలియడం లేదు. "ఏదో ఉన్నది" అన్నాను. "ఎంత దూరం?" అన్నాడు. "గంత... గంత దూరం..." అంటూ చెయ్యి చాపాను. ఆయన నా చెయ్యి చూస్తాడా, రోడ్డు చూస్తాడా? అప్పుడు వెనక బల్ల మీంచి ఆవిడ దుప్పటి తీసి పారేసి లేచింది, నా భుజం మీదుగా వంగి చూసింది. "లారీ అండి. రెండు ఫర్లాంగులు ఉంది అన్నగారూ. రండి, రండి!" అంది. జీపు బండ్లను దాటి మన పక్కకు వచ్చేసింది. కిలోమీటర్ల మనిషి ఆ రోజు ఫర్లాంగులు అంది. మళ్లీ పడుకుని దుప్పటి కప్పుకుంది. నిజం చెబుతున్నాను, అంత జరిగాక కూడా ఆ ఫర్లాంగుల మీద కుళ్లుకున్నాను.

మొయినాబాద్‌లో రోడ్డుకు అడ్డంగా జనం కూర్చుని ఉన్నారు. ఒకాయన లోపలికి తొంగి చూసి, "వెనక ఎవరమ్మా?" అని నన్నే అడిగాడు. మా ఇంటాయన నా వైపు తిరగలేదు. ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, గుంటూరు అనే మాట నా నాలుక చివరికి వచ్చింది. "మా ఆడబిడ్డ. జరం వచ్చింది, పట్నం దవాఖానకు తీస్కపోతున్నం" అన్నాను. ఆయన పక్కకు జరిగి, "పోనీయండిరా, పేషెంటు" అని తోవ ఇచ్చాడు.

స్టేషన్లో ఆవిడ నా చేతులు పట్టుకుని, "మీ మేలు మరిచిపోను వదినా" అంది. ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది. తిరిగి వస్తూ మొయినాబాద్ దాటగానే మా ఆయన, నన్ను ఉద్దేశించి కాదు, రోడ్డుతో అన్నట్టుగా, "పదారు కిలోమీటర్లు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన నోట మళ్లీ మైలు అన్న మాట రాలేదు. ఎవరైనా మైళ్లని అంటే సరిదిద్దేవాడు కూడా. ఆయన కిలోమీటరు అన్న ప్రతిసారీ నాకు చురుక్కుమనేది. పిల్లలు పుట్టాక, మనవలు పుట్టాక కూడా చురుక్కుమనేది.

ఎవరు చెప్పారో ఆయన ఎన్నడూ అడగలేదు. తెలియక అడగలేదో, తెలిసి అడగలేదో. నేనే చెప్పానని ఒప్పుకుందామని ఎన్నోసార్లు అనుకున్నాను. పొలం పనులు అయిపోనీ అనుకున్నాను, పిల్లల పెళ్లిళ్లు కానీ అనుకున్నాను, చివరికి ఆయన మంచంలో పడ్డప్పుడు జ్వరం తగ్గనీ అనుకున్నాను. ఆయన పోయి పదేళ్లు. ఆ ప్రయాణం తర్వాత నలభై ఆరేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం, అంత కాలంలో ఒక్క మాట చెప్పడానికి నాకు తీరిక దొరకలేదు.